స్కూల్లో నేర్చుకున్న సైన్స్: నాకు వచ్చిన లెక్క 27, పుస్తకంలో ఉన్నది 35

చినవాల్తేరు_ఎంపీసీ

అందరికీ నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఆరు నుంచి పది వరకు సైన్స్ ఎలా నేర్చుకున్నానా అని ఈ మధ్య తరచూ ఆలోచిస్తున్నాను. ఇక్కడ టీచర్లు, ఏయూలో (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో) చదివేవాళ్ళు, తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి నా మనసులో మాట రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే.

సైన్స్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆరో తరగతిలో మా మేడం ఉమ్మెత్త పువ్వును బ్లేడుతో నిలువునా కోసి, లోపల అండాశయంలో గసగసాల్లా ఉన్న అండాలను చూపించారు. ఏడో తరగతిలో మెగ్నీషియం తీగను వెలిగించారు. ఆ తెల్లటి వెలుగు చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లోహం మండుతుందని అప్పటిదాకా ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

ఎనిమిదికి వచ్చేసరికి ప్రయోగాలన్నీ ప్రశ్నలుగా మారిపోయాయి. పరికరాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం. ఈ నాలుగు హెడ్డింగులు పెట్టి, పెన్సిల్‌తో బొమ్మ గీసి, భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. లిట్మస్ రంగు మారడం మీద రాసిన జవాబులు ఒక నోటుబుక్ నిండా ఉంటాయి. లిట్మస్ కాగితం చేతిలో పట్టుకున్నది మాత్రం తక్కువ. ల్యాబ్ లేక కాదు. గది ఉంది, బీరువాలున్నాయి, వాటికి తాళాలు కూడా ఉన్నాయి.

అసలు చెప్పాలనుకున్నది తొమ్మిదో తరగతి ప్రాజెక్ట్ గురించి. "మన సముద్రపు నీటిలో ఉప్పు ఎంత?" అనే అంశం నేనే ఎంచుకున్నాను. దీపావళి వెళ్ళిన వారం నాన్నగారితో విశాఖ బీచ్‌కి వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి సీసా నింపుకున్నాను. ఇంటికొచ్చి గుడ్డలో వడకట్టి, లీటరు కొలిచి, పాత సత్తు గిన్నెలో మరిగించాను. అడుగున గంజిలా చిక్కబడ్డాక స్టవ్ ఆపేసి డాబా మీద ఎండబెట్టాను. మిగిలింది పూర్తి తెలుపు కాదు, కొంచెం బూడిద రంగు. నాలుక మీద పెట్టుకుంటే ముందు ఉప్పగా, వెనకాలే చేదుగా తగిలింది. సాయంత్రానికి చెమ్మగిల్లింది. కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయిస్తే 27 గ్రాములు వచ్చింది.

ప్రాజెక్టులో అదే రాశాను. మా సార్ చూసి, "పుస్తకంలో 35 గ్రాములని ఉంది కదమ్మా, దిద్దుకురా" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. నేను దిద్దాను. మార్కులు పూర్తిగా వచ్చాయి. 27 మాత్రం నా రఫ్ నోట్సులో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు కాలేజీలో సీనియర్లు కూడా అదే చెబుతున్నారు. వచ్చే ఏడాది ప్రాక్టికల్స్ వచ్చినప్పుడు టెన్షన్ పడొద్దట, వాళ్ళ రికార్డు చూసి రీడింగ్స్ వేసేసుకోవచ్చట. లోలకం ప్రయోగానికి జవాబు ముందే తెలుసు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టుకుని రీడింగ్స్ రాస్తారట. ఇది విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. మనం కొలిచింది రాయనప్పుడు అసలు కొలవడం ఎందుకు?

నావి రెండు ప్రశ్నలు. ఆ 27 ఎలా వచ్చింది? పుస్తకంతో కలవని లెక్క వచ్చినప్పుడు విద్యార్థి ఏం రాయాలి?

గాజువాక_మాస్టారు

అమ్మా, ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. వచ్చిందే రాయాలి. ముప్పై ఏళ్ళకు పైగా భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరయ్యాను, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

మీ పుస్తకాల్లో ఆవర్తన పట్టికలో ఆర్గాన్ ఉంటుంది. అది ఎలా దొరికిందో పాఠంలో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. లార్డ్ రేలీ అనే ఆయన నైట్రోజన్ సాంద్రతను కొలుస్తున్నారు. గాలిలోంచి మిగతావన్నీ తీసేసి మిగిల్చిన నైట్రోజన్ లీటరుకు సుమారు 1.257 గ్రాములు తూగింది. రసాయన పదార్థాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ 1.250 దగ్గర తూగింది. తేడా అర శాతం పైచిలుకు. తూకంలో పొరపాటని సర్దుకుపోవచ్చు. ఆయన సర్దుకోలేదు. మళ్ళీ మళ్ళీ తూచి, తేడా పోకపోతే 1892లో పత్రికకు ఉత్తరం రాశారు, దీనికి కారణం ఎవరైనా చెప్పగలరా అని. ఆ తర్వాత విలియం రామ్సేతో కలిసి పట్టుబడితే గాలిలో దాక్కున్న కొత్త వాయువు బయటపడింది. 1904లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఒకరికి భౌతికశాస్త్రంలో, ఒకరికి రసాయనశాస్త్రంలో.

రేలీ గారు తన లెక్కను "దిద్దుకుని" ఉంటే ఆర్గాన్ మరెప్పుడు దొరికేదో! నీ 27 వెనక కొత్త వాయువేదీ ఉండకపోవచ్చు తల్లీ, కానీ కారణం మాత్రం తప్పకుండా ఉంటుంది. దాన్ని వెతకడమే సైన్స్ పాఠం. ఆ రఫ్ నోట్సు పారేయకు.

ఇద్దరు_పిల్లల_అమ్మ (మధురవాడ)

మాస్టారు చెప్పింది వినడానికి బాగుంది. కానీ మా బాబు ఈ ఏడాది పదో తరగతి. పీఎస్ (భౌతిక, రసాయన శాస్త్రాలు), ఎన్ఎస్ (జీవశాస్త్రం) పేపర్లలో ఒక్క మార్కు తగ్గినా కాలేజీ ఫీజులో రాయితీ పోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షనే. పేపర్ దిద్దేవారి చేతిలో కీ ఉంటుంది. అందులో 35 ఉంటే, 27 రాసిన పిల్లకి మార్కులెవరిస్తారు? మా ఆయన పోర్టులో కాంట్రాక్టు పని చేస్తారు. మాలాంటి ఇళ్ళలో పిల్లల చేత ప్రయోగాలు చేయించడం కంటే మార్కులు తెప్పించడమే ముందు చూసుకోవాల్సి వస్తుంది. తప్పుగా అనుకోకండి, ఉన్న మాట రాశాను.

నీలికెరటం

27 ఎలా వచ్చిందో నాకు అర్థమైంది అనుకుంటున్నాను. సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలు ఉంటే అందులో మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, ఇంచుమించు 27 గ్రాములే. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. కాబట్టి మీ లెక్కా కరెక్టే, పుస్తకం లెక్కా కరెక్టే.

ఏయూ_సాగరశాస్త్రం

నీలికెరటం గారూ, సోడియం క్లోరైడ్ గురించి మీరిచ్చిన అంకె సరైనదే. కానీ ఇక్కడ అది పనిచేయదు. గిన్నెలో నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా మరిగిస్తే సోడియం క్లోరైడ్ ఒక్కటే మిగలదు, కరిగి ఉన్నవన్నీ అడుగునే ఉంటాయి. ఆ అమ్మాయి నాలుకకు చేదు తగిలిందని రాసింది చూడండి. అది మెగ్నీషియం లవణాల రుచి. సాయంత్రానికి చెమ్మగిల్లడం కూడా మెగ్నీషియం క్లోరైడ్ పనే, అది గాలిలో తేమను లాగేస్తుంది. అంటే ఆమె తూచినదాంట్లో అన్నీ ఉన్నాయి, పైగా కొంత నీరు కూడా ఉంది. నీరు చేరితే బరువు పెరగాలి గానీ తగ్గకూడదు.

చెల్లీ, ఇంకో చిన్న సంగతి. పుస్తకంలో 35 అనేది కిలో నీటికి. లీటరు సముద్రపు నీరు కిలో కంటే కాస్త ఎక్కువ బరువుంటుంది కాబట్టి లీటరుకైతే దాదాపు 36 గ్రాములు రావాలి. అంటే నీ తేడా నువ్వనుకున్నదానికంటే ఇంకొంచెం ఎక్కువే.

నాకు తోచిన కారణాలు ఇవి. నీళ్ళు చిక్కబడ్డాక చిటపటమని చిమ్ముతాయి, వాటితోపాటు ఉప్పు కూడా బయట పడుతుంది. అలా ఎంత పోయిందో చెప్పలేం. బాగా వేడెక్కినప్పుడు మెగ్నీషియం క్లోరైడ్ విడిపోయి కొంత హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా పోతుంది. అసలు లవణీయతను (నీటిలో లవణాల పాళ్ళను) ఇగిరించి కొలవకపోవడానికి ఇదే ముఖ్య కారణం. వెనకటి రోజుల్లో సిల్వర్ నైట్రేట్‌తో అంశమాపనం (చుక్కచుక్కగా కలుపుతూ కొలవడం) చేసి క్లోరినిటీ (నీటిలో క్లోరైడ్ పాళ్ళు) కనుక్కుని దాన్ని 1.80655తో గుణించేవారు. ఇప్పుడు నీటి విద్యుత్ వాహకతను బట్టి చెబుతాం.

ఇక నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది నువ్వు నీళ్ళు తెచ్చిన సమయం. దీపావళి వెళ్ళిన వారం! నైరుతి వానలకు గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీరంతా బంగాళాఖాతం ఉత్తర భాగంలో చేరుతుంది. వానాకాలం వెళ్ళాక తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది, ఆ పలచటి నీటిని మన ఒడ్డుకు తెస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో విశాఖ దగ్గర పై నీటి లవణీయత కిలోకి 30 గ్రాముల కిందికి దిగడం మామూలే. వేసవిలో మళ్ళీ 34 దాకా ఎక్కుతుంది. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మా విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి వాళ్ళతో కలిసి ఈ తీరంలోనే కొలతలు తీశారు. మన దగ్గర సముద్ర విజ్ఞానం చదువు అలా వేళ్ళూనుకుంది.

35 అనేది ప్రపంచ సముద్రాలన్నిటికీ వేసిన సగటు. నువ్వు కొలిచింది దీపావళి నాటి విశాఖ సముద్రాన్ని. ఆ రెండూ ఒకటే కావాలని లేదు.

పెదజాలారిపేట_బోటు

నేను ఎనిమిదితో చదువు ఆపేశాను. నాన్నతో వేటకి వెళ్తాను. పైన ఏయూ అన్న రాసింది చదివి ఆశ్చర్యపోయాను. నీళ్ళు దక్షిణానికి లాగడం, వేసవిలో తిరగబడడం మాకు వల వేసేటప్పుడే తెలిసిపోతుంది. చలికాలం ముందర వల వేస్తే దక్షిణంగా కొట్టుకుపోతుంది, ఎండాకాలం ముందర అటు భీమిలి వైపు లాగుతుంది. అది గంగ నీరని మాత్రం ఇవాళే తెలిసింది.

అక్కా, ఒకటి అడుగుతాను. నువ్వు నీళ్ళు పట్టిన చోట దగ్గరలో గెడ్డ (చిన్న వాగు) ఉందా? బీచ్ రోడ్డు పొడుగునా చాలాచోట్ల గెడ్డ నీళ్ళు సముద్రంలో కలుస్తాయి. వాన పడ్డాక వాటి దగ్గర నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు తక్కువే ఉంటది. అలాంటి చోట పడితే లెక్క తగ్గుద్ది.

చినవాల్తేరు_ఎంపీసీ

తమ్ముడూ, గెడ్డ ఉంది. మరీ పక్కనే కాదు, కొంచెం ఉత్తరంగా. ఆ ముందు రెండు రోజులు వాన కూడా పడింది. ఇవేవీ ప్రాజెక్టులో రాయాల్సిన విషయాలని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మా ఫార్మాట్‌లో "నీరు ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు" అనే గడే లేదు.

నౌపడ_ఉప్పుమడులు

మాది శ్రీకాకుళం జిల్లా, నౌపడ దగ్గర. విశాఖలో ఉద్యోగం. చేదు గురించి చదివి రాస్తున్నాను. మా మడుల్లో ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చిక్కటి నీటిని ఉంచరు, తీసేస్తారు. ఉంచితే ఉప్పంతా చేదెక్కుతుంది, ఎండినా చెమ్మ వదలదు. మా తాతగారు ఆ నీటిని వేలితో తాకి ఎప్పుడు వదలాలో చెప్పేవారు. ఈ అమ్మాయి గిన్నెలో ఆ నీరు కూడా ఇగిరిపోయింది కాబట్టే చేదు తగిలింది. మా ఊరి బడిలో స్ఫటికీకరణం పాఠం చెప్పేటప్పుడు కిటికీలోంచి మడులు కనబడేవి. ఒక్కసారి కూడా అక్కడికి తీసుకెళ్ళలేదు.

పీఎస్_టీచర్ (ప్రభుత్వ పాఠశాల)

ఇంతసేపూ చదువుతున్నాను. ఆ సార్‌ని ఎవరూ పెద్దగా తిట్టలేదు, సంతోషం. అటువైపు ఉన్నవాళ్ళ పరిస్థితి కూడా కొంచెం చెప్పనివ్వండి.

ఒక సెక్షన్లో నలభై మంది, పీరియడ్ ముప్పావు గంట లోపే. పరికరాలు తీసి, సర్ది, ప్రయోగం చేయించి, మళ్ళీ కడిగి పెట్టాలి. ల్యాబ్ అటెండర్ ఉండడు. ఒక బీకరు పగిలితే రిజిస్టర్లో రాయాలి, యాసిడ్ ఎవరి మీదైనా పడితే బాధ్యత నాది. తాళాల వెనక ఉన్న భయం ఇదే. ఫార్మేటివ్ పరీక్షల మార్కులు ఎక్కించాలి, యాప్‌లో ఫొటోలు పెట్టాలి. పిల్ల తెచ్చిన ప్రాజెక్టులో అంకె పుస్తకంతో కలవకపోతే, "ఎందుకు" అని కూర్చుని మాట్లాడడానికి అరగంట కావాలి. ఆ అరగంటే దొరకదు. "దిద్దుకురా" అనడానికి రెండు సెకన్లు చాలు.

అయినా నేను ఒకటి మార్చాను. ప్రాజెక్టులో "నీకు వచ్చిన ఫలితం" ఒక వరుస, "పుస్తకంలో ఉన్నది" ఇంకో వరుస, "తేడా ఎందుకు వచ్చిందనుకుంటున్నావు" మూడో వరుస పెట్టించాను. మార్కులు మూడో వరుసకి వేస్తాను. మొదట్లో పిల్లలు పై రెండు వరుసల్లోనూ ఒకే అంకె వేసి తెచ్చారు, తేడా ఉంటే తప్పని వాళ్ళ భయం. తేడా లేకపోతే మూడో వరుసలో రాయడానికేమీ ఉండదు, మార్కులూ రావు అని చెప్పాక నెమ్మదిగా దారికొచ్చారు. ఇప్పుడు కుంభాకార కటకం నాభ్యంతరం కొలిస్తే ఒక్కో గుంపుకి ఒక్కో అంకె వస్తుంది, వాళ్ళలో వాళ్ళే గొడవపడి మళ్ళీ కొలుస్తారు. ఆ గొడవ వింటుంటే నాకు కడుపు నిండిపోతుంది.

మధురవాడ అమ్మగారూ, మీ భయం న్యాయమైనదే. పబ్లిక్ పరీక్షలో "సముద్రపు నీటి సగటు లవణీయత ఎంత" అని అడిగితే 35 అనే రాయాలి, ఎందుకంటే అడిగింది సగటు. అది చదివి రాసే జవాబు. ప్రాజెక్ట్ మార్కులు బడిలో మా చేతిలోనే ఉంటాయి. అక్కడ కొలిచింది రాయనిస్తే పబ్లిక్ మార్కులు ఎక్కడా తగ్గవు. ఈ రెండూ వేరని పిల్లలకి మేమే చెప్పాలి.

సింధియా_ఫిట్టర్

మా అమ్మాయి సంగతి చెబుతాను. పదో తరగతిలో మేకుల ప్రయోగం ఉంది కదా, మూడు పరీక్షనాళికలది. ఒకదాంట్లో మామూలు నీళ్ళు, ఒకదాంట్లో మరిగించిన నీళ్ళ పైన నూనె, మూడోదాంట్లో తేమ లేకుండా కాల్షియం క్లోరైడ్. మొదటిదాంట్లో మేకే తుప్పు పట్టాలి. వాళ్ళ బడిలో మూడోదాంట్లోది కూడా పట్టింది! పిల్లలు కంగారు పడ్డారు. టీచరమ్మ అందరినీ పిలిచి నాళిక చేతికిచ్చి చూడమన్నారట. కాల్షియం క్లోరైడ్ గుళికలు గుళికల్లా లేవు, అడుగున నీరై కూర్చున్నాయి. బిరడా వదులుగా ఉంది, మన ఊరి గాలిలో తేమ సంగతి తెలిసిందే. అవి ఆ తేమంతా పీల్చి కరిగిపోయి మేకుని తడిపేశాయి.

అమ్మాయి ఇంటికొచ్చి నన్ను అడిగింది, ఓడలు మరి ఎలా ఆగుతున్నాయి నాన్నా అని. పెయింటు కాకుండా ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తాం. ఇనుము కంటే జింకు ముందు తినేయబడుతుంది. అలా ఇనుముని కాపాడుతుంది. కొన్నాళ్ళకి ఓడ డాక్‌లోకి వచ్చినప్పుడు చూస్తే దిమ్మ గుంటలు పడి సగమై ఉంటుంది, అప్పుడు కొత్తది వేస్తాం. 1948లో జలఉష ఓడ నీళ్ళలోకి దిగిన షిప్‌యార్డులో పనిచేస్తున్నాను, ఎన్నిసార్లు ఆ దిమ్మలు మార్చానో. అదంతా రసాయనశాస్త్రమని మా అమ్మాయి చెప్పేదాకా నేను ఆలోచించలేదు. ఆ ప్రయోగం అనుకున్నట్టే జరిగి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదా?

గాజువాక_మాస్టారు

సింధియా ఫిట్టర్ గారూ, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. ఆ టీచరమ్మకు నమస్కారం.

ఈ ఊరి పిల్లలకి ఒక్కటి గుర్తుచేయాలి. సి.వి. రామన్ గారి బాల్యం ఇక్కడే గడిచింది. వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు, రామన్ పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యారు. సముద్రం నీలంగా ఉండడానికి కారణం ఆకాశపు ప్రతిబింబమేనని పైన చెప్పుకున్న రేలీ గారే అన్నారు. నోబెల్ అందుకున్న మహానుభావుడి మాట. 1921లో ఓడలో మధ్యధరా సముద్రం దాటుతూ రామన్ నికోల్ పట్టకంతో, ఉపరితలం నుంచి వచ్చే ప్రతిబింబపు వెలుగుని ఆపేసి చూశారు. నీలం పోలేదు, ఇంకా బాగా కనబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని అక్కడ పట్టుకున్న దారి 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న రామన్ ఎఫెక్ట్ దాకా తీసుకెళ్ళింది. ఏటా ఆ రోజున బడుల్లో సైన్స్ దినోత్సవం చేస్తాం. కొట్లో కొన్న అగ్నిపర్వతం మోడల్‌లో సోడా, వెనిగర్ పోసి చప్పట్లు కొట్టిస్తాం. దాని బదులు ఆ రోజు ప్రతి పిల్లా తను కొలిచిన ఒక్క అంకెను, అది పుస్తకంతో ఎందుకు కలవలేదో చెప్పమంటే బాగుంటుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ (మధురవాడ)

పీఎస్ టీచర్ గారూ, ప్రాజెక్ట్ వేరు, పబ్లిక్ వేరు అని మీరు విడదీసి చెప్పాక నాకు స్పష్టంగా అర్థమైంది. మా బడి మీటింగులో ఆ మూడు వరుసల పద్ధతి అడుగుతాను. మా చిన్నది ఏడో తరగతి, దానికైనా పనికొస్తుంది.

చినవాల్తేరు_ఎంపీసీ

అందరికీ చాలా థాంక్స్. ఏయూ అన్నా, మళ్ళీ కొలవాలని ఉంది. ఈసారి అదే నెలలో, అదే చోట ఒక సీసా, గెడ్డలకి దూరంగా ఋషికొండ దగ్గర ఒక సీసా. మళ్ళీ మే నెలలో రెండు. అప్పుడు గెడ్డ వల్ల ఎంత తగ్గిందో, కాలం వల్ల ఎంత తగ్గిందో విడిగా తెలుస్తుంది కదా? నేను మరిగించే పద్ధతిలోనే చేయాలా, వేరేదా?

ఏయూ_సాగరశాస్త్రం

సరిగ్గా ఆలోచించావు. రెండు పద్ధతుల్లోనూ చెయ్యి. ఒక భాగం నీ పాత పద్ధతిలోనే మరిగించు, కానీ సత్తు గిన్నె వద్దు, పింగాణీది తీసుకో. సన్నటి మంట మీద, చిమ్మకుండా పైన గాజు పలక వాలుగా పెట్టు. చల్లారగానే తూచెయ్యి, సాయంత్రం దాకా ఉంచకు. కిరాణా కొట్టు కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది, కాలేజీ ల్యాబ్ తూకం అడుగు. రెండో భాగం సిల్వర్ నైట్రేట్‌తో చెయ్యి. పొటాషియం క్రోమేట్ చుక్కలు వేస్తే తెల్లటి అవక్షేపం అయిపోయాక ఇటుక రంగు తిరుగుతుంది, అక్కడ ఆపాలి. సిల్వర్ నైట్రేట్ ఖరీదు కాబట్టి నీటిని పలచన చేసి తీసుకోవాలి, అది మీ కెమిస్ట్రీ మేడంతో మాట్లాడి ఆవిడ దగ్గరుండగా చెయ్యి. రెండిటికీ వచ్చే తేడాని బట్టి మరిగించడంలో ఎంత పోతోందో తెలుస్తుంది. సీసా మీద చోటు, తేదీ, టైము, పోటా పాటా (సముద్రం ఎక్కే వేళా, తగ్గే వేళా), ముందు రోజుల్లో వాన పడిందా అన్నవి రాయడం మర్చిపోకు.

పెదజాలారిపేట_బోటు

అక్కా, ఒడ్డు నీళ్ళే ఎందుకు, మేం వేటకెళ్ళినప్పుడు లోపల నీళ్ళు కూడా పట్టి తెస్తాను. సీసా నువ్వివ్వు, ఎంత దూరంలో పట్టానో జీపీఎస్ చూసి చీటీ మీద రాసి కడతాను.

చినవాల్తేరు_ఎంపీసీ

తమ్ముడూ, మూత గట్టిగా ఉన్న సీసాలు ఆదివారం పొద్దున్నే తెచ్చిస్తాను. నువ్వు కూడా ల్యాబ్‌కి రావాలి, మేడంని అడిగి ఉంచుతాను.